తాళం తప్పని ఆరు గ్రహాలు

2020లో, మన దగ్గర లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, నాసా పంపిన టెస్ ఉపగ్రహం ఆకాశంలో ఒక మూలను దాదాపు 27 రోజులు కన్నార్పకుండా చూసింది. ఆ మూలలో హెచ్‌డీ 110067 అనే నక్షత్రం ఉంది. దాని వెలుగు ఉండి ఉండి కొద్దిగా మసకబారి, కొన్ని గంటలకు మళ్లీ మామూలు స్థితికి వస్తోంది. మనకూ నక్షత్రానికీ మధ్య నుంచి గ్రహం వెళ్తే అలాగే జరుగుతుంది. అందువల్ల అక్కడ గ్రహాలున్నాయని అర్థమైంది గానీ, ఎన్ని ఉన్నాయో, ఏది ఎన్ని రోజులకు చుట్టివస్తోందో తేలలేదు. ఒక గ్రహం 5.64 రోజులకు ఒకసారి తిరుగుతోందని, రెండోది ఉన్నా దాని కాలం తెలియదని తొలుత లెక్క వేశారు. రెండేళ్లకు టెస్ మళ్లీ అటు చూసింది. కొత్తగా కనిపించిన తగ్గుదలలు పాత లెక్కకు ఎక్కడా అతకలేదు. 5.64 రోజుల గ్రహం అసలు లేనే లేదు.

2023 నవంబరు 29న ఈ చిక్కుముడి విడిపోయింది. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రఫాయెల్ లూకే, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఫలితాన్ని ప్రకటించారు. ఆ నక్షత్రం చుట్టూ ఉన్నవి ఆరు గ్రహాలు. వాటిలో లోపలి మూడింటి కాలాలు టెలిస్కోపులు చూసి చెప్పినవి. బయటి మూడింటి కాలాలను ముందు కాగితం మీద లెక్క చెప్పింది, ఆ తర్వాతే టెలిస్కోపు సమాచారం అవునంది. కొత్త గ్రహాల వార్తలు ఇప్పుడు వారానికొకటి వస్తున్నా నేను దీని దగ్గర ఆగిపోవడానికి కారణం అదే.

ముందు నక్షత్రం సంగతి చూద్దాం. హెచ్‌డీ 110067 నారింజ మరుగుజ్జు. ఈ పేరు చాలామందిని తికమక పెడుతుంది. మన పంచాంగంలోని స్వాతి, రోహిణి నక్షత్రాలు కూడా నారింజ రంగువే. వేసవి రాత్రి స్వాతిని చూస్తే ఆ రంగు కంటికే తెలుస్తుంది. కానీ అవి మరుగుజ్జులు కావు, మహాకాయులు. స్వాతి వ్యాసం సూర్యుడి వ్యాసానికి 25 రెట్లు. అది ముసలితనంలో ఉబ్బి, పైపొర చల్లబడి ఆ రంగుకు వచ్చింది. నారింజ మరుగుజ్జుకు ఆ రంగు పుట్టుకతోనే వచ్చింది. సూర్యుడి ద్రవ్యరాశిలో సగం నుంచి ఎనిమిది పదో వంతుల దాకా పదార్థంతో పుట్టి, తన గర్భంలోని హైడ్రోజన్‌ను పొదుపుగా మండించుకుంటూ ఉంటుంది. ఖగోళ శాస్త్రంలో మరుగుజ్జు అంటే పొట్టిది అనే కన్నా, ఇంకా హైడ్రోజన్ మండిస్తున్న దశలో ఉన్నది అని అర్థం చేసుకోవడం మేలు. ఆ లెక్కన మన సూర్యుడూ మరుగుజ్జే.

రంగు ఒకటే అయినప్పుడు ఏది మరుగుజ్జో, ఏది మహాకాయుడో దూరం నుంచి ఎలా చెప్పాలి? ఇందుకు దొరికిన చక్కటి పద్ధతుల్లో ఒకదానికి హైదరాబాదుతో అనుబంధం ఉంది. నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా అక్కడే పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు, అమెరికా శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక విషయం చూపించారు. సూర్యుడి లాంటివీ, అంతకన్నా చల్లనివీ అయిన నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక గీత నడుమ సన్నని వెలుగు చార ఉంటుంది. నక్షత్రం అసలు ప్రకాశం ఎంత ఎక్కువైతే ఆ చార అంత వెడల్పుగా ఉంటుంది. చార వెడల్పు కొలిస్తే చాలు, అది మహాకాయుడో మరుగుజ్జో తెలిసిపోతుంది. ఆ గీతను కె గీత అంటారు, నారింజ నక్షత్రాల తరగతినీ కె అనే అంటారు. అక్షరం కలవడం కాకతాళీయమే, రెండింటికీ సంబంధం లేదు.

ఈ తరగతులు హార్వర్డ్ వేధశాలలో స్థిరపడ్డాయి. అనీ జంప్ కానన్ 1911 నుంచి 1915 వరకు రెండు లక్షలకు పైగా నక్షత్రాల వర్ణపటాలను గాజు పలకల మీద ఒక్కొక్కటిగా చూసి తరగతులుగా విడదీశారు. హెచ్‌డీ అనే రెండక్షరాలు ఆ మహా జాబితా పేరు, 110067 అందులో ఈ నక్షత్రానికి దక్కిన వరుస సంఖ్య. నక్షత్రం మనకు సుమారు 105 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే 2020లో టెస్ కెమెరాలో పడిన వెలుగు, కానన్ ఆ పలకల ముందు కూర్చున్న కాలంలోనే అక్కడి నుంచి బయలుదేరింది. గ్రహాల నీడలను మోసుకొస్తున్న ఆ వెలుగు దారిలో ఉండగానే, మేఘనాథ్ సాహా 1920లో ఈ తరగతులు ఉష్ణోగ్రతను బట్టి ఏర్పడుతున్నాయని, వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎంతవరకు కోల్పోతాయో చెప్పే అయనీకరణ సమీకరణంతో వివరించారు.

కె తరగతిలో ఇది సూర్యుడికి దగ్గరి అంచున ఉంది. ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 5,000 డిగ్రీల సెల్సియస్, సూర్యుడిది 5,500. ద్రవ్యరాశి, వ్యాసార్ధం రెండూ సూర్యుడిలో సుమారు ఎనిమిది పదో వంతులు. ఇది వెలువరించే మొత్తం కాంతి మాత్రం సూర్యుడిలో సగం కన్నా తక్కువే. కొంచెం చిన్నదైతే చాలు, ఖర్చు అంతకు మించి తగ్గిపోతుంది. అందుకే సూర్యుడి ఆయువు మొత్తం 1,000 కోట్ల సంవత్సరాలైతే, నారింజ మరుగుజ్జులకు 1,500 కోట్ల నుంచి 7,000 కోట్ల దాకా అంచనా వేస్తారు.

ఇక గ్రహాల లెక్కకు వద్దాం. వీటి వ్యాసార్ధాలు భూమికి 1.9 నుంచి 2.9 రెట్ల మధ్య ఉన్నాయి. అంత గ్రహం అడ్డు వెళ్తే నక్షత్రం వెలుగు ఎంత తగ్గుతుంది? లోపలి గ్రహాన్నే తీసుకుంటే, పదిహేను వందల పాళ్లలో ఒక పాలు. అంతటి స్వల్ప తగ్గుదలను పట్టడమే గొప్ప. దాని మీద ఆరు గ్రహాల నీడలు కలిసిపోయాయి. ఏ తగ్గుదల ఎవరిదో రాసి ఉండదు. 27 రోజులు చూసి, రెండేళ్లు వదిలేసి, మళ్లీ 27 రోజులు చూస్తే, 20 రోజులకు ఒకసారి వచ్చే గ్రహం ఒక్కో విడతలో ఒకటి రెండు సార్లకు మించి కనిపించదు. 54 రోజులకు ఒకసారి వచ్చేది ఒక్కసారి కనిపించినా అదృష్టమే. బస్టాండులో అరగంట నిలబడి అక్కడ ఆగే బస్సుల వేళలన్నీ చెప్పమంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది.

2022 నాటి సమాచారం కలిశాక రెండు గ్రహాలు గట్టిగా నిలబడ్డాయి. ఒకటి 9.114 రోజులకు, రెండోది 13.673 రోజులకు చుట్టివస్తున్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి కీయాప్స్ ఉపగ్రహాన్ని అటు తిప్పగా మూడోదీ ఖాయమైంది. దాని కాలం 20.519 రోజులు. ఈ మూడు అంకెలను పక్కపక్కన రాసి భాగిస్తే, 13.673ను 9.114తో భాగించినప్పుడు 1.500 వస్తుంది. 20.519ను 13.673తో భాగించినా 1.501 వస్తుంది. లోపలి గ్రహం మూడు చుట్లు తిరిగే లోపు తర్వాతిది రెండు చుట్లు, ఆ రెండోది మూడు చుట్లు తిరిగే లోపు మూడోది రెండు చుట్లు. దీనినే అనునాదం అంటారు.

టెస్ సమాచారంలో ఎవరికీ కేటాయించని తగ్గుదలలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. బృందం చేసిన సాహసమంతా ఇక్కడే ఉంది. ఈ గొలుసు మూడింటితో ఆగలేదని, మిగిలిన గ్రహాలూ ఇలాగే చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలో ఉంటాయని అనుకుంటే ఏమవుతుంది? నాలుగో గ్రహం కాలం 20.519కి 2 రెట్లు కావచ్చు, 3/2 రెట్లు, 4/3 రెట్లు, 5/4 రెట్లు కావచ్చు. ఒక్కో నిష్పత్తి ఒక్కో జోస్యం చెబుతుంది: 2020లో ఫలానా రోజున నీడ పడాలి, 2022లో ఫలానా రోజున పడాలి, మిగిలిన రోజుల్లో పడకూడదు. పడకూడదన్న షరతు కూడా పడాలన్న షరతుతో సమానంగా పనికొచ్చింది. మూడేసి గ్రహాల స్థానాల మధ్య ఉండవలసిన సంబంధాన్ని కూడా కలిపి వడపోస్తే నాలుగోదానికి 30.793 రోజులు నిలిచాయి. అదే దారిలో ఐదోదానికి 41.058, ఆరోదానికి 54.769 వచ్చాయి. ఇప్పుడు నిష్పత్తుల వరుస చూడండి: 3/2, 3/2, 3/2, 4/3, 4/3.

లెక్క అందంగా ఉన్నంత మాత్రాన నిజమై పోదు. దానికి పరీక్ష కావాలి. టెస్ సమాచారంలో కొంత భాగాన్ని అప్పట్లో పక్కన పెట్టేశారు, ఎందుకంటే భూమి నుంచి, చంద్రుడి నుంచి చెదిరి వచ్చిన వెలుగు కెమెరాలో పడి ఆ భాగం చెడిపోయింది. లెక్క ప్రకారం కొన్ని నీడలు సరిగ్గా ఆ చెడిపోయిన రోజుల్లోనే పడి ఉండాలి. ఆ భాగాన్ని మళ్లీ బయటికి తీసి, అదనపు వెలుగును ఓపికగా తొలగించి చూశారు. జోస్యం చెప్పిన చోటనే రెండు తగ్గుదలలు కనిపించాయి. చెత్తబుట్టలో వేసిన కాగితం మీద రుజువు దొరికిందన్నమాట. ఖగోళ శాస్త్రంలో ఇంత శుభ్రమైన పరీక్ష నాకు తెలిసి అరుదు.

ఈ నిష్పత్తులు మన చెవులకు కొత్తవి కావు. 3/2 అంటే షడ్జం నుంచి పంచమానికి ఉన్న దూరం. 4/3 అంటే షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్న దూరం. తంబురాను పంచమానికో, కొన్ని రాగాలకైతే మధ్యమానికో శ్రుతి చేసేటప్పుడు తీగలను ఈ నిష్పత్తులకే బిగిస్తారు. అంతరిక్షంలో శబ్దం ఉండదు, గ్రహాలు పాడవు. అయినా నెమ్మదిగా తిరిగే చివరి గ్రహాన్ని షడ్జం అనుకుని లోపలికి నడుచుకుంటూ వస్తే లెక్క ఇలా సాగుతుంది. ఐదో గ్రహం మధ్యమం. నాలుగోది 16/9, అంటే కైశికి నిషాదం. మూడోది 8/3, పై స్థాయి మధ్యమం. రెండోది 4, రెండు స్థాయిల పైన మళ్లీ షడ్జం. లోపలిది 6, ఆ షడ్జానికి పంచమం. స, మ, ని, మ, స, ప. ఆరు గ్రహాలకు నాలుగే స్వరాలు. నేను ఈ గుణకారం చేసుకుని చివరికి సరిగ్గా 6 వచ్చినప్పుడు కాసేపు కాగితం పక్కన పెట్టి కూర్చున్నాను.

తాళం లెక్కలో చూసినా అంతే. చివరి గ్రహం 9 చుట్లు తిరిగే సరికి మిగిలినవి లోపలికి వరుసగా 12, 16, 24, 36, 54 చుట్లు పూర్తి చేస్తాయి. మన రోజుల్లో అది సుమారు 492 రోజులు. ఆరుగురు ఆరు నడకల్లో వాయించి 492 రోజులకు ఒకసారి సమానికి చేరుతున్నారనుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక సవరణ చెప్పి తీరాలి. లోపలి గ్రహం కాలాన్ని 54తో హెచ్చించి, చివరిదాన్ని 9తో హెచ్చించి చూస్తే రెండింటికీ దాదాపు ముప్పావు రోజు తేడా వస్తుంది. నిష్పత్తులు పూర్ణాంకాలకు అతి చేరువలో ఉన్నాయే గానీ సరిగ్గా పూర్ణాంకాలు కావు. ఏ రెండు గ్రహాలను తీసుకున్నా అవి పక్కపక్కకు వచ్చే చోటు నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. కానీ అన్ని జంటల చోట్లూ దాదాపు ఒకే తీరున జరుగుతాయి, కాబట్టి మూడేసి గ్రహాల మధ్య అమరిక చెదరదు. గురు గ్రహం ఉపగ్రహాలైన అయో, యూరోపా, గానిమీడ్‌లలో ఈ ముగ్గురి సంబంధాన్ని ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ 18వ శతాబ్దంలోనే వివరించాడు. గానిమీడ్ ఒక చుట్టు తిరిగితే యూరోపా రెండు, అయో నాలుగు తిరుగుతాయి.

ఇంత పొందిక ఎలా వచ్చింది? ఎవరూ అమర్చలేదు, యాదృచ్ఛికంగానూ రాలేదు. నక్షత్రం పుట్టిన కొత్తలో దాని చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంటాయి. గ్రహాలు అందులోనే పుడతాయి. ఆ వాయువుతో పెనుగులాటలో శక్తి కోల్పోయి నెమ్మదిగా నక్షత్రం వైపు జరుగుతాయి. లోపలి గ్రహం పళ్లెం లోపలి అంచుకు చేరి నిలిచిపోతే, వెనకాల వచ్చేది దాన్ని సమీపిస్తుంది. రెండింటి కాలాలూ 3/2 లాంటి నిష్పత్తికి చేరినప్పుడు ఒక విశేషం జరుగుతుంది. అవి ఒకదాని పక్కకు మరొకటి వచ్చేది కక్ష్యలో ఎప్పుడూ ఇంచుమించు ఒకే చోట. ప్రతిసారీ అక్కడే ఒకదాన్నొకటి లాగుతాయి. ఊయలను ఎప్పుడూ ఒకే క్షణంలో తోసినట్టు, ఆ చిన్న లాగుడు కూడుకుంటూ పోతుంది. ఒక గ్రహం కొంచెం ముందుకు జారితే వెనక్కి లాగుతుంది, వెనకబడితే ముందుకు లాగుతుంది. అక్కడి నుంచి రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా కలిసి జరుగుతాయి. మూడోది వచ్చి రెండోదానికి, నాలుగోది మూడోదానికి అలాగే తగులుకుంటాయి.

అనునాదం ఎప్పుడూ రక్షిస్తుందనుకోకూడదు. గురు గ్రహం ఒక చుట్టు తిరిగే లోపు మూడు చుట్లు తిరిగే చోట గ్రహశకలాలు దాదాపు కనిపించవు. అక్కడ ఉన్నవాటిని అదే పదేపదే తగిలే లాగుడు కక్ష్య నుంచి తరిమేసింది. నిలబెట్టడం, పడగొట్టడం రెండూ దాని చేతిలో ఉన్నాయి.

చాలా గ్రహ కుటుంబాలు చిన్నతనంలో ఇలాంటి గొలుసుగానే ఉంటాయని, తర్వాత తెగిపోతాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. వాయువు చెదిరిపోయాక ఆసరా పోతుంది. పెద్ద గ్రహమొకటి కుదుపుతుంది, ఏదో నక్షత్రం దగ్గరగా వెళ్తుంది, రెండు గ్రహాలు ఢీకొంటాయి. ఒక్క లంకె తెగితే చాలు. మొత్తం గొలుసు చెక్కుచెదరకుండా మిగిలేది నూటికి ఒకటని లూకే బృందం అంచనా. హెచ్‌డీ 110067 వయసు సుమారు 800 కోట్ల సంవత్సరాలు. ఈ అంకెలో అటూ ఇటూ పెద్ద తేడాకే చోటుంది గానీ, దాన్నే తీసుకుంటే లోపలి గ్రహం ఇప్పటికి 30 వేల కోట్లకు పైగా చుట్లు తిరిగింది. అన్ని చుట్లలోనూ తాళం తప్పలేదు. అంటే ఈ కుటుంబంలో పెద్ద కొట్లాట ఎప్పుడూ జరగలేదు. మన సౌర కుటుంబంలోని ఎనిమిది గ్రహాలకు ఇలాంటి గొలుసు లేదు. ఒకవేళ ఎప్పుడో ఉండి ఉంటే దాని ఆనవాలు చెరిగిపోయింది. పుట్టిన రోజుల జ్ఞాపకం ఇలా కక్ష్యల్లోనే రాసి ఉన్న కుటుంబం దొరకడం, పునాదులతో సహా మిగిలిన పాత ఊరు తవ్వకంలో దొరకడం లాంటిది.

అందుకే ఈ నక్షత్రం పేరు రాగానే అక్కడ మనుషులు బతకగలరా అని అడిగేవారికి నా మనవి ఒకటుంది. నారింజ మరుగుజ్జుల చుట్టూ జీవం వెతకడానికి మంచి కారణాలున్నాయి. వీటికన్నా చిన్నవీ, చల్లనివీ అయిన ఎర్ర మరుగుజ్జులు తొలి రోజుల్లో తీవ్రమైన జ్వాలలతో గ్రహాల వాతావరణాన్ని దెబ్బతీస్తాయి. సూర్యుడి లాంటివి జీవం ఎదగడానికి కాస్త తొందరపెడతాయి. సూర్యుడి వెలుగు క్రమంగా పెరిగి సుమారు 100 కోట్ల సంవత్సరాల్లో భూమి మీద సముద్రాలు నిలవలేని పరిస్థితి వస్తుందని అంచనా. నారింజ మరుగుజ్జులు ఈ రెండింటికీ నడుమ నెమ్మదస్తులు. అదంతా నిజమే. కానీ ఈ ఆరు గ్రహాల్లో ఒక్కటీ నివాసానికి పనికొచ్చేది కాదు. ఆరూ కలిపి మన బుధుడి కక్ష్య లోపలే ఇమిడిపోతాయి. లోపలిదాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల పైమాట, చివరిది కూడా 160 డిగ్రీలు దాటుతుంది. భూమికి సూర్యుడి నుంచి అందేంత వెలుగు ఈ నక్షత్రం నుంచి అందాలంటే గ్రహం దాదాపు 217 రోజులకు ఒకసారి తిరిగేంత దూరంలో ఉండాలి. అక్కడ ఇప్పటిదాకా ఏదీ కనిపించలేదు. నారింజ మరుగుజ్జు అనగానే జీవం అని శీర్షిక పెట్టే వార్తలు, అసలు నిధిని వదిలేసి లేనిదాన్ని చూపిస్తున్నాయి.

ఈ గ్రహాల బరువు సంగతి సగమే తేలింది. గ్రహం తిరుగుతూ నక్షత్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంది. ఆ ఊపు వేగాన్ని కనరీ దీవుల్లోని హార్ప్స్-ఎన్, స్పెయిన్‌లోని కార్మెనీస్ పరికరాలతో కొలిచారు. లోపలి గ్రహం వల్ల నక్షత్రం సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో ఊగుతోంది. మనం వడివడిగా నడిచే వేగం అది, కొలిచింది 105 కాంతి సంవత్సరాల దూరం నుంచి. అలా మూడు గ్రహాల బరువులు వచ్చాయి: మొదటిది భూమికి 5.7 రెట్లు, మూడోది 8.5 రెట్లు, ఐదోది 5 రెట్లు. మిగిలిన మూడింటికి ఇంతకు మించదన్న పైహద్దు మాత్రమే ఉంది. ఐదో గ్రహం సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లే. భూమిది ఐదున్నర రెట్లు. ఇంత తేలికగా ఉందంటే మందపాటి హైడ్రోజన్ వాతావరణం కప్పుకుని ఉండాలి. ఉబ్బిన వాతావరణం, ప్రకాశవంతమైన నక్షత్రం రెండూ ఒకచోట ఉండటంతో, గ్రహం అడ్డు వెళ్లేటప్పుడు దాని వాతావరణం గుండా వడపోతగా వచ్చే వెలుగును జేమ్స్ వెబ్ లాంటి టెలిస్కోపుతో చదవడానికి ఇది మంచి చోటు. ఒకే నక్షత్రం కింద ఒకే తీరున పెరిగిన ఆరింటిని పక్కపక్కన పెట్టి పోల్చే వీలు మరెక్కడా అంత సులువుగా దొరకదు.

చూడాలనుకునేవారికి ఈ నక్షత్రం మన నెత్తి మీదికే వస్తుంది. ఏప్రిల్ మొదట్లో అర్ధరాత్రి, మే నెల మధ్యలో అయితే రాత్రి 9 గంటల ప్రాంతంలో, ఉత్తర ఫల్గుణి నుంచి స్వాతి వైపు ఒక గీత ఊహించుకోండి. ఆ గీతలో మూడో వంతు నడిచి, కొంచెం ఉత్తరానికి తిరిగితే అది ఉండే చోటు. ఆదిలాబాద్‌లో నిలబడినవారికి దాదాపు సరిగ్గా నడినెత్తినే ఉంటుంది. ఉత్త కంటికి కనిపించదు. చీకటి ఉన్న ఊళ్లో మంచి బైనాక్యులర్స్ ఉంటే ఒక చిన్న చుక్కగా దొరుకుతుంది.

గొలుసు ఆరింటితో ఆగిందా అన్నది తేలవలసి ఉంది. ఏడో గ్రహం కూడా ఇదే తాళంలో ఉంటే దాని కాలాన్ని ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. 54.769ను 4/3తో హెచ్చిస్తే 73 రోజులు, 3/2తో హెచ్చిస్తే 82 రోజులు.